సెల్ఫ్ మెల్లగా తిరిగితే సెల్ఫే పోయినట్టా?

అమెరికా సైన్యం వదిలించుకున్న ఎం35ఏ2 ట్రక్కుల్ని వేలంలో కొనుక్కున్నవాళ్ల మధ్య సెల్ఫ్ (ఇంజిను లేవడానికి దాన్ని తిప్పే స్టార్టర్ మోటారు) గురించి ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందంటే దాని పని అయిపోయినట్టే. పాతది విప్పి బాగుచేయడం దండగ, కొత్తది వేసేయండి. అది వచ్చేదాకా సుత్తితో నాలుగు తగిలించండి, ఈథర్ (ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే) కొట్టండి, స్టార్టయ్యేదాకా బటన్ వదలకండి. మిలటరీ సరుకు కదా, తట్టుకుంటుంది. ఈ గోల పూర్తిగా వదలాలంటే బండిని 12 వోల్టులకి మార్చేయండి."

ఒక్కొక్కటే చూద్దాం. మొదటి ముక్క దగ్గర ఎక్కువసేపు ఆగాలి, జేబు ఖాళీ అయ్యేది అక్కడే.

మెల్లగా తిరిగితే సెల్ఫ్ పోయినట్టేనా? కాదు. ఎం35ఏ2లో ఉన్నది 7.8 లీటర్ల ఆరు సిలిండర్ల మల్టీఫ్యూయల్ (డీజిలే కాక వేరే ఇంధనాలతోనూ నడిచే) ఇంజిను, కంప్రెషన్ 22:1. దీనికి గ్లో ప్లగ్గులు (సిలిండర్‌ని ముందే వేడిచేసే ప్లగ్గులు) లేవు. గాలిని అణిచినప్పుడు పుట్టే వేడితోనే డీజిల్ అంటుకోవాలి, కాబట్టి జోరుగా తిప్పితే తప్ప లేవదు. అంత బరువు తిప్పే కరెంటు క్యాబిన్ పక్కన మెట్టు కింది పెట్టెలోంచి వస్తుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, మొత్తం 24. అక్కడి నుంచి కేబుల్, సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్చు), సెల్ఫ్, మళ్లీ ఛాసిస్ మీదుగా మైనస్‌కి. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా పైకి కనిపించేది ఒక్కటే: సెల్ఫ్ ఈడుస్తుంది. నింద కూడా దాని మీదే పడుతుంది.

తేల్చుకోవడానికి కావలసింది మామూలు మల్టీమీటరు, బటన్ నొక్కడానికి ఇంకో మనిషి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిను లేవకుండా స్టాప్ నాబ్ బయటకి లాగి ఉంచండి. ముందు రెండు బ్యాటరీల్నీ విడివిడిగా చూడండి. ఊరికే ఉన్నప్పుడు రెండూ 12.6 దగ్గర చూపించవచ్చు, దానికే మురిసిపోకండి. సెల్ఫ్ తిరుగుతుండగా ఒకటి 10.5 దగ్గర నిలబడి, రెండోది 7కి జారితే దొంగ దొరికినట్టే. సిరీస్‌లో ఒక బ్యాటరీ కుంటితే రెండోది ఎంత బాగున్నా లాభం లేదు. ఇలా ఒక్కటే చచ్చిపోవడానికి తరచూ కారణం పాత యజమాని రేడియో కోసమో ఫోన్ చార్జర్ కోసమో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగడం. ఆ బ్యాటరీకి ఎప్పుడూ చార్జింగ్ చాలదు, రెండోదానికి ఎక్కువవుతుంది.

తర్వాత కేబుళ్లు. మీటరు ఒక కొసని బ్యాటరీ ప్లస్ సీసం పోస్టు మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండోది సెల్ఫ్ మీది లావు బోల్టు మీద. తిప్పుతున్నప్పుడు అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో ఎక్కడో నష్టం ఉంది. ఇదే పరీక్ష ఎర్త్ వైపు కూడా చేయాలి: సెల్ఫ్ బాడీ నుంచి మైనస్ పోస్టుకి. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఈ బండ్లకి ఎన్నోసార్లు ఆకుపచ్చ రంగు వేసి ఉంటారు. ఎర్త్ లగ్గు విప్పి చూస్తే కింద ఇనుము బదులు నున్నగా పెయింటు కనిపిస్తుంది. లైట్లు వెలుగుతాయి, మీటర్లు పనిచేస్తాయి, సెల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి తేలిపోతుంది. గీకి, మెరిసే లోహం మీద బిగిస్తే అక్కడితో కథ ముగిసే బండ్లు బోలెడు.

బ్యాటరీలు, కేబుళ్లు, ఎర్త్ అన్నీ బాగుండి, సెల్ఫ్ టెర్మినల్ దగ్గర 20 వోల్టులు నిలబడుతున్నా ఈడుస్తుంటే అప్పుడు సెల్ఫ్‌ని అనుమానించండి. అప్పుడైనా ఇంజినుని మర్చిపోవద్దు. నిలువు సైలెన్సర్ గొట్టానికి మూత లేక వాన నీళ్లు సిలిండర్‌లోకి దిగితే సెల్ఫ్ టక్కుమని ఆగిపోతుంది. నీళ్లు అణగవు. అక్కడ బలవంతం చేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్. ఇంజెక్టర్లు తీసి, చేత్తో తిప్పి, నీళ్లు బయటకి పంపాలి.

ఇక "బాగుచేయడం దండగ" అన్న మాట. దీంతో నాకు అసలు పడదు. ఈ సెల్ఫ్‌లో అర్థంకాని ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం), ఫీల్డ్ కాయిల్స్, కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, పినియన్ (ఫ్లైవీల్ పళ్లని పట్టుకుని తిప్పే చిన్న గేరు), సోలినాయిడ్. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సెల్ఫ్‌లు విప్పే చేతికి దీన్ని ఇస్తే బరువు చూసి ఓ మాట అంటాడేమో గానీ, కొత్తగా నేర్చుకునేది ఉండదు.

విప్పేముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. విప్పాక మొదట పోల్ షూలు (ఆర్మేచర్ చుట్టూ బాడీకి బిగించిన ఇనప ముక్కలు) చూడండి. వాటి మీద ఒకవైపే మెరిసే గీతలుంటే బుష్ అరిగి ఆర్మేచర్ రాసుకుంటోందని అర్థం. బ్రష్‌లు ఎంత కొత్తవి వేసినా అది మళ్లీ ఈడుస్తుంది. కంచు బుష్ మార్చడం చవక పని, వేసేముందు నూనెలో నానబెట్టాలి. బ్రష్‌లు కొత్తవాటిలో సగానికి వచ్చుంటే మార్చాలి, స్ప్రింగులు మెత్తబడ్డాయేమో కూడా చూడాలి. కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) గాడి పడితే లేత్ మీద సన్నగా తీయించి, రాగి పలకల మధ్య మైకాని కాస్త లోతుకి గీకాలి. విరిగిన హాక్సా బ్లేడు ముక్క చాలు. ఆ పని ఎగ్గొడితే మైకా పైకి నిలబడి బ్రష్‌ని ఎగరేస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ఆర్మేచర్ లోపల షార్టయిందో లేదో గ్రౌలర్ (ఆర్మేచర్ పరీక్షించే పరికరం) మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. పినియన్ క్లచ్‌ని మాత్రం పెట్రోల్‌లోనో కిరసనాయిల్‌లోనో ముంచి కడగకండి, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. గుడ్డతో తుడిస్తే చాలు.

బటన్ నొక్కితే టకటక మని కొట్టుకోవడం వేరే సంగతి. వోల్టేజ్ పడిపోతున్నా అలాగే కొట్టుకుంటుంది, సోలినాయిడ్‌లో పట్టి ఉంచే చుట్ట తెగినా అంతే. "టక్" మని ఒక్కసారే కొట్టి ఊరుకుంటే లోపలి రాగి బిళ్ల కాలి ఉండవచ్చు. కొన్ని సోలినాయిడ్లలో ఆ బిళ్లని తిరగేసి వేస్తే రెండో ముఖం ఇంకా బాగానే ఉంటుంది. దానికోసం మొత్తం సెల్ఫ్ పారేయడం ఏమిటి?

సుత్తి సంగతి: తగిలిస్తే ఒక్కోసారి తిరిగే మాట నిజమే. ఇరుక్కున్న బ్రష్ కదులుతుంది. దాన్నిబట్టి బ్రష్‌లు అయిపోయాయని తెలుసుకుని విప్పాలి, రోజూ కొట్టుకుంటూ బతకమని కాదు.

ఈథర్ సలహా ఇచ్చినవాళ్లు మల్టీఫ్యూయల్ ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి వెళ్లే దారిలో) ఫ్లేమ్ హీటర్ ఉంటుందని మర్చిపోయారు. చలిలో గాలిని వేడిచేయడానికి అది నిజంగానే మంట పెడుతుంది. ఆ మంట మీదికి ఈథర్ కొట్టడమంటే ఇన్‌టేక్ పేల్చుకోవడమే. హీటర్ పనిచేయకపోయినా 22:1 కంప్రెషన్‌లో ఈథర్ ముందే అంటుకుని పిస్టన్ రింగుల్ని విరగ్గొట్టగలదు.

బటన్ వదలకుండా నొక్కడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇది సిరీస్ మోటారు, ఎంత మెల్లగా తిరిగితే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది, అంత కాలుతుంది. పెద్ద డీజిల్ సెల్ఫ్‌లకి మామూలుగా పాటించే లెక్క 30 సెకన్లు మించకుండా తిప్పి, కనీసం 2 నిమిషాలు చల్లారనివ్వడం. మిలటరీ రంగు వేసినంత మాత్రాన రాగి తీగ కరిగే వేడి మారదు.

చివరిది, 12 వోల్టులు. లెక్క వేసి చూడండి. 24 వోల్టుల దగ్గర సెల్ఫ్ 400 ఆంపియర్లు లాగుతోందనుకుందాం, దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉందనుకుందాం. 4 వోల్టులు పోయి 20 మిగులుతాయి. అదే శక్తి 12 వోల్టుల్లో కావాలంటే 800 ఆంపియర్లు. అవే కేబుళ్ల మీద 8 వోల్టులు పోతాయి, మిగిలేది 4. కేబుళ్లలో వేడి నాలుగు రెట్లు. అంటే కేబుళ్లన్నీ లావువి వేయాలి, ఆపైన ఆల్టర్నేటర్, లైట్లు, గేజీలు మార్చాలి. పైగా సాటి మిలటరీ బండి నుంచి స్లేవ్ కేబుల్‌తో కరెంటు తీసుకునే సౌకర్యం కూడా పోతుంది. ఇంత చేసి వదిలించుకున్నది పెయింటు మీద బిగించిన ఒక ఎర్త్ లగ్గు అయితే ఏడవాలా నవ్వాలా?

కొత్త సెల్ఫ్ అసలు కొనకూడదని నేననడం లేదు. ముక్కు హౌసింగ్ పగిలినా, ఆర్మేచర్ కాలి వార్నిష్ వాసన వస్తున్నా కొనండి. ప్లేటు మీద వోల్టేజ్, తిరిగే దిశ, పినియన్ పళ్ల లెక్క పాతదానితో సరిచూడండి. దశాబ్దాలు డబ్బాలో పడున్న మిగులు సరుకైతే గ్రీజు గట్టిపడి ఉంటుంది, విప్పి మార్చాకే వేయండి. పాతది దిగి ఉన్నప్పుడే ఆ కంతలోంచి టార్చ్ వేసి ఫ్లైవీల్ రింగు ఒక చుట్టూ తిప్పి చూడండి. ఆరు సిలిండర్ల ఇంజిను ఆపినప్పుడల్లా దాదాపు అవే మూడు చోట్ల ఆగుతుంది, పళ్లు అక్కడే అరుగుతాయి. అవి చెడిపోయి ఉంటే రింగు సంగతి తేల్చాకే కొత్త సెల్ఫ్ బిగించండి, లేకపోతే కొత్త పినియన్‌నీ అవే తినేస్తాయి.