బొగ్గు మానేస్తున్న బాయిలర్ గారికి బహిరంగ లేఖ

బాయిలర్ గారికి,

నమస్కారం. కరెంటు ప్లాంటులో ఇన్నేళ్లూ నీళ్లను ఆవిరి చేసిన మీరు బొగ్గు మానేసి గ్యాస్‌కు మారుతున్నారని తెలిసింది. ఈ వయసులో అలవాటు మార్చుకోవడం చిన్న విషయం కాదు, అభినందనలు. గేటు దగ్గర కొత్త బోర్డు కూడా వెలిసింది. ఆకుపచ్చ రంగు, మధ్యలో ఒక ఆకు బొమ్మ. ఆ ఆకు ఏ చెట్టుదని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. నాకైతే ఒక అనుమానం. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట బురదలో కూరుకుపోయి బొగ్గుగా మారిన చెట్లకూ ఆకులుండేవి కదా. ఇన్నాళ్లూ మీరు తగలబెట్టింది దాన్నే. ఇప్పుడు దాని ఫొటోకే గేటు దగ్గర చోటిచ్చారు.

నన్ను గుర్తుపట్టారో లేదో, మీ ముందు ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాణ్ణి. తెల్లవారుజామున మూడింటికి, సరిగ్గా కునుకు పట్టే వేళకు, మీకు కడుపునొప్పి మొదలయ్యేది. డ్రమ్ములోకి నీళ్లు ఎంత పంపినా చాలేవి కావు. లోపల ఎక్కడో బుస్సుమని శబ్దం. ట్యూబ్ లీక్! బొగ్గులోని బూడిద గరుకు కాగితంలా రుద్ది రుద్ది గొట్టాన్ని ఉల్లిపొరలా చేసేది. యూనిట్ ఆపి, మీరు చల్లారేదాకా కాచుకుని, మ్యాన్‌హోల్‌లోంచి పాక్కుంటూ వెళ్లి టార్చిలైటు వేసి వెతికేవాళ్లం. చిల్లు ఒక గొట్టానికి పడితే ఊరుకునేది కాదు, అందులోంచి చిమ్మే ఆవిరి పక్క గొట్టాన్నీ కోసేసేది. అతుకు మీద అతుకు పడీ పడీ, ఇప్పుడు మీలో పుట్టుకతో వచ్చిన గొట్టాలెన్నో, మేం వెల్డింగ్ చేసినవెన్నో మీకే తెలియదు. అలాంటి మీకు మేత మార్చి, దానికి కొత్త జన్మ అని పేరు పెట్టారు.

న్యాయంగా మాట్లాడుకుందాం. మీ తిండి మామూలు తిండి కాదు. 500 మెగావాట్ల యూనిట్‌కి బొగ్గు రకాన్ని బట్టి రోజుకు ఐదు నుంచి ఎనిమిది వేల టన్నులు కావాలి. రైలు రావాలి, వ్యాగన్ టిప్లర్ దాన్ని బోర్లించాలి, క్రషర్ కొట్టాలి, బెల్టు మోయాలి, మిల్లు పిండి చేయాలి. తడి బొగ్గు బంకరుకు, అంటే నిల్వ తొట్టికి, అతుక్కుంటే సమ్మెటలతో బాదాలి. యార్డులో కుప్ప దానంతటదే రాజుకుంటే నీళ్లు కొట్టాలి. ఇంతా తిన్నాక మీరు వదిలే బూడిదను ఈఎస్‌పీలో, అంటే పొగలోంచి బూడిదను లాగే యంత్రంలో, పట్టి, నీళ్లలో కలిపి, పైపుల్లో తోసి చెరువులో పోయాలి. గ్యాస్ వస్తే ఈ తతంగమంతా పోతుంది. బూడిద ఉండదు. గంధకం, పాదరసం దాదాపు ఉండవు. ఒక్కో యూనిట్ కరెంటుకు చిమ్నీలోంచి పోయే కార్బన్ డయాక్సైడ్ కూడా సుమారు 40 శాతం తగ్గుతుంది. ఇది వెక్కిరింత కాదండోయ్. చుట్టుపక్కల బట్టలు ఆరేసుకునే వాళ్ల తరఫున, నా ఊపిరితిత్తుల తరఫున మనస్ఫూర్తిగా చెబుతున్నా.

కానీ ఇప్పటిదాకా వదిలిన బూడిద సంగతేమిటి? ఆ చెరువు గ్యాస్‌కి మారదు కదా. 2008 డిసెంబరులో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, కింగ్‌స్టన్ ప్లాంటులో బూడిద చెరువు కట్ట తెగి దాదాపు 300 ఎకరాలు ముంచేసింది. మన ప్రాజెక్టు రిపోర్టులో చెరువు గురించి ఒకే ఒక్క వాక్యం కనిపించింది: 'తగు చర్యలు తీసుకోబడును.' ఎవరు తీసుకుంటారో చెప్పకుండా వాక్యం రాయాలంటే 'బడును' కన్నా సుఖమైన క్రియ మన భాషలో మరొకటి లేదు.

మీ కొత్త మేత పేరు సహజ వాయువు. అందులో ఆ 'సహజ' ఉంది చూశారూ, దాని కథ మీకు చెప్పాలి. 1792లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లోని రెడ్రూత్‌లో తన ఇంట్లో గ్యాస్ దీపం వెలిగించాడు. ఆ గ్యాస్ బొగ్గును కాచి తీసింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఊళ్లకు ఊళ్లు బొగ్గు గ్యాస్‌తోనే వెలిగాయి. భూమిలోంచి నేరుగా వచ్చే గ్యాస్‌ను, ఫ్యాక్టరీలో తయారైన దాని నుంచి వేరు చేసి చెప్పడానికి 'సహజ' అన్నారు. అంతే. అది యోగ్యతాపత్రం కాదు. ఆ లెక్కన బొగ్గూ సహజమే, పాము విషమూ సహజమే. కానీ ఆ పదం పక్కన ఆకు బొమ్మ పెడితే ఎంత అందంగా ఉంటుందో బోర్డు రాసినాయనకు బాగా తెలుసు.

ఇక అసలు ఆపరేషన్ గురించి. మీ నోట్లో బొగ్గు బర్నర్లు పీకి గ్యాస్ బర్నర్లు పెడతారు. ఒళ్లు మాత్రం అదే. బొగ్గు మంట మసి రేణువులతో, బూడిద రేణువులతో భగభగ మెరుస్తుంది, ఆ వెలుగే చుట్టూ ఉన్న నీటి గోడలకు వేడిని పంచుతుంది. గ్యాస్ మంట పాలిపోయి ఉంటుంది. ఫర్నేసులో దిగాల్సిన వేడి అక్కడ దిగకుండా వెనక్కి, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటరు, రీహీటరు గొట్టాల వైపు పరుగెత్తుతుంది. అక్కడ గొట్టాలు కాగిపోకుండా మేం నీళ్లు చల్లుతూ కూర్చోవాలి. పైగా గ్యాస్‌లో హైడ్రోజన్ ఎక్కువ. అది కాలి నీటి ఆవిరవుతుంది. ఆ ఆవిరి మోసుకుపోయే వేడి చిమ్నీ దారిన ఆకాశానికి. అందుకే బొగ్గు మానేసి గ్యాస్ పట్టిన పాత బాయిలర్ సామర్థ్యం పెరగదు సరికదా, కొన్ని పాయింట్లు తగ్గుతుంది. వంద పాళ్లు వేడి ఇస్తే మీ వల్ల కరెంటుగా వచ్చేది మూడో వంతు. అదే గ్యాస్‌ను కొత్త కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో, ముందు గ్యాస్ టర్బైన్ తిప్పి, దాని వేడి పొగతో మళ్లీ ఆవిరి చేసి వాడుకుంటే 60 పాళ్ల దాకా వస్తుంది.

మరి ఆ పనే చేయొచ్చు కదా అంటారా? దానికి పెట్టుబడి ఎక్కువ, మీ బర్నర్లకు తక్కువ. ఈ తూకం ఇక్కడ ఒక్కచోటే కాదు. అమెరికాలో 2011 నుంచి 2019 దాకా 103 బొగ్గు ప్లాంట్లు గ్యాస్ బాట పట్టాయి. అందులో పాతది తీసేసి కంబైన్డ్ సైకిల్ కట్టుకున్నవి 17. తక్కిన 86 చోట్ల మీలాంటి పెద్దమనుషులకు నోరు మార్చి వదిలేశారు.

చిమ్నీ విషయంలో మాత్రం మీకు ఇక ఏ బెంగా ఉండదు. పొగ కనపడదు. చిమ్నీకి మీటరు ఉంది కాబట్టి అంకె తగ్గుతుంది, ఆ అంకె గేటు దగ్గర బోర్డెక్కుతుంది. మీటరు లేని చోటి సంగతే నాకు టెన్షన్. గ్యాస్ అంటే ముఖ్యంగా మీథేన్. కాలితే పరవాలేదు, కాలకుండా జారిపోతేనే ప్రమాదం. 20 ఏళ్ల లెక్కలో చూస్తే ఒక టన్ను మీథేన్ భూమిని 80 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ చేసినంతగా వేడెక్కిస్తుంది. బావి దగ్గర, కంప్రెసర్ దగ్గర, వాల్వు దగ్గర కొంచెం కొంచెం కారుతూ మొత్తం మీద ఓ మూడు శాతం దాటిందంటే, మంచి కొత్త గ్యాస్ ప్లాంటుకే బొగ్గు కన్నా మేలని చెప్పుకునే అర్హత చాలా ఏళ్ల పాటు ఉండదు. ఇక మీ మూడో వంతు సామర్థ్యానికి ఆ గీత ఇంకా కిందే. ఆ బావులు ఇక్కడికి ఎన్ని వందల మైళ్లో. అక్కడ కారితే అక్కడి లెక్క, ఇక్కడ ఆకు బొమ్మ.

మీకు మర్యాదగా ఇంకో బిరుదు కూడా ఇచ్చారు, విన్నారా? వారధి ఇంధనం. బొగ్గు ఒడ్డు నుంచి ఎండా గాలీ ఒడ్డుకు చేర్చే వంతెన అట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. ఇక్కడ మల్లన్నకు ఆ భయమే లేదు, ఏరు దాటే ఉద్దేశం ఎవరికీ కనిపించడం లేదు. వంతెన అన్నాక దాని మీద నడుస్తారు. ఇక్కడేమో ఇళ్లు కట్టుకుంటున్నారు. పైపులైను వేస్తే 40 ఏళ్లు ఉండాలి. గ్యాస్ ఒప్పందాలు ఇరవై ఏళ్లకు, అందులోనూ 'టేక్ ఆర్ పే': వాడుకున్నా డబ్బు కట్టాలి, వాడుకోకపోయినా కట్టాలి. కట్టిన డబ్బు వృథా అవుతుందని పగలూ రాత్రీ మిమ్మల్ని మండిస్తారు. బయట ఎండ విరగకాస్తున్నా సరే.

నాకు తెలిసి మీరు ఉపయోగపడే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ బోర్డు మీద రాయరు. బొగ్గుతో చల్లటి బాయిలర్‌ను లేపాలంటే గంటలకు గంటలు, ముందు ఆయిల్‌తో వెలిగించి, మిల్లులు ఒక్కొక్కటే కలుపుతూ బతిమాలాలి. గ్యాస్‌తో ఆ మిల్లుల బాధ లేదు, లోడు తక్కువలోనూ నిలకడగా నడుస్తారు. కాబట్టి సూర్యుడు దిగిపోయి ఊరంతా ఒకేసారి స్విచ్చులు వేసే ఆ నాలుగు గంటలకు మిమ్మల్ని లేపి, మళ్లీ పడుకోబెడితే సామర్థ్యం తక్కువైనా పెద్ద నష్టం లేదు. ఏడాదిలో ఎన్ని గంటలు మండుతారన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. రిపోర్టు 200 పేజీలు ఉంది. ఆ అంకె కోసం రెండుసార్లు తిరగేశాను. ఆకు బొమ్మలు పదకొండు దొరికాయి.

మీ వయసువాడే ఒకాయన ఇంగ్లండ్‌లో ఉండేవాడు, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ అనే బొగ్గు ప్లాంటు. 1960లలో పుట్టి, 2024 సెప్టెంబర్ 30న మంట ఆర్పేసుకున్నాడు. లండన్‌లో హోల్‌బర్న్ వయాడక్ట్ దగ్గర 1882లో మొదలైన బొగ్గు కరెంటు ఆ దేశంలో ఆయనతో ముగిసింది, 142 ఏళ్లు. మేత మార్చుకోలేదు, బిరుదులు తగిలించుకోలేదు. గ్యాస్ ప్లాంట్లు అక్కడా బోలెడున్నాయి, అది వేరే సంగతి. ఆ మనిషి మాత్రం వెళ్లాల్సిన రోజున వెళ్లాడు.

మాలో బొగ్గు పని చేసినవాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి పాఠం: గ్యాస్ లీకైతే ఎలా తెలుస్తుంది? మీథేన్‌కు వాసన ఉండదు. ఇళ్లకు ఇచ్చే గ్యాస్‌లో వాసన కోసం మెర్కాప్టన్ కలుపుతారు, పెద్ద పైపుల్లో వచ్చేదాంట్లో చాలాచోట్ల అదీ ఉండదు. డిటెక్టర్ మోగితేనే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లు మిల్లు చప్పుడు విని దాని జబ్బు చెప్పిన మిత్రుడు లేచి, "వినపడదు, కనపడదు, వాసన రాదు. మరి మేమెందుకు సార్?" అని అడిగాడు. శిక్షకుడి దగ్గర సమాధానం ఉంది. రెండో రోజు మధ్యాహ్నం స్వచ్ఛంద పదవీ విరమణ ఫారాలు పంచారు.

ఇట్లు,
మీ పాత నైట్ షిఫ్టు

తా.క.: బొగ్గు యార్డు ఖాళీ చేసి అక్కడ పచ్చిక పెంచమని మొన్న ఆర్డరు వచ్చింది. బుల్‌డోజర్లు దిగాయి. నిన్న ఇంకో ఆర్డరు. యార్డులో అయితే నెల సరుకు కళ్ల ముందు ఉండేది, గ్యాస్‌కు పైపే దిక్కు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు ఎక్కువగా కూలబడింది గ్యాస్ ప్లాంట్లేననీ, 2022లో యూరప్‌కు గ్యాస్ కరువై జర్మనీ రిటైరైన బొగ్గు యూనిట్లను మళ్లీ డ్యూటీకి పిలిచిందనీ పైవాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు. మూల కుప్ప ఒక్కటీ కదపకండి, తదుపరి ఉత్తర్వుల దాకా అలాగే ఉంచండి అని రాశారు. ఉంచాం. దాని మీద పచ్చ టార్పాలిన్ కప్పమన్నారు, అదీ కప్పాం.