ముహూర్తం కన్నా ముందు మెమో చూడండి

వరపూజ అయింది. బంగారం కొన్నారు. అబ్బాయి కెనడా పౌరుడు, పెళ్లి అక్కడే. తీరా అప్పుడు అడిగారు అమ్మాయి జనన ధ్రువపత్రం. దేవరకొండ పక్క తండాలో మంత్రసాని చేతుల మీద పుట్టిన బిడ్డ. ఆనాడు పంచాయతీలో రాయించినవారు లేరు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకొని మీసేవకూ ఆర్డీవో ఆఫీసుకూ తిరిగే తండ్రులు నల్లగొండకూ పాలమూరుకూ కొత్త కాదు.

అంతకన్నా ఏడిపించేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఆ గడే ఖాళీ. మనకు ఆ మూడు పేర్లూ ఒక్క పిల్లవే. పరాయి దేశపు అధికారికి ముగ్గురు మనుషులు. పైగా 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. మెమోలో మహబూబ్‌నగర్ అని ఉన్న ఊరు నేడు వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉంది.

కాగితాలు సరిపోయాక ముద్రల పని. ముందు రాష్ట్ర ప్రభుత్వం, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని పరాయి దేశానికి చెప్పే ముద్ర. కెనడా 2024 జనవరి నుంచి దీన్ని ఒప్పుకుంటోంది. దుబాయ్, ఖతర్ అయితే ఎంబసీ ముద్రా కావాలి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ రుసుము 50 రూపాయలే. ఏజెంటు చెప్పే లెక్క వినేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెళ్లి ఇక్కడే ప్రత్యేక వివాహ చట్టం కింద అనుకుంటే నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవుపై దిగే అబ్బాయికి ఆ సెలవు చాలదు. అక్కడికెళ్లి పెళ్లాడేందుకిచ్చే అమెరికా ఫియాన్సీ వీసా ఆ దేశ పౌరులు పిలిస్తేనే వస్తుంది, అబ్బాయికి గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే కుదరదు. వెళ్లాక 90 రోజుల్లో పెళ్లి జరగాలి.

మన బిడ్డ కాగితాలన్నీ అడిగే అవతలివారిని మనం ఒక్కటీ అడగం. అబ్బాయికి ఇంతకుముందు పెళ్లి కాలేదన్న ధ్రువపత్రం, అయి ఉంటే విడాకుల డిక్రీ చూడకుండా బిడ్డను విమానం ఎక్కించవద్దు. అడిగితే సంబంధం చెడుతుందని భయపడుతున్నారు. అడిగితే చెడే సంబంధం చెడనివ్వండి.

కలెక్టరేట్లు ఈ కాగితాల జాబితాను తెలుగులో గోడకు అంటించాలి. ఆలస్యపు జనన నమోదుకు ఆర్డీవోలు గడువు పెట్టుకోవాలి. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేముందు ప్రతి హెడ్మాస్టరూ పిల్లల పేర్లను జనన పత్రంతో అక్షరమక్షరం సరిచూడాలి. తప్పు దిద్దడానికి అప్పుడైతే ఒక్క పెన్ను గీత చాలు.