సైటేషన్లు సరే, పరికరాలేవి?

ఏటా సెప్టెంబరు వచ్చిందంటే తిరుపతి పేజీల్లో ఒక వార్త ఖాయం. ఫలానా ప్రొఫెసర్‌కు ప్రపంచ మేటి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు దక్కిందని శాలువా, బొకే, వీసీతో ఫొటో. అభినందించాల్సిందే. ముఖ్యంగా ఎలక్ట్రానిక్ మెటీరియల్స్ లాంటి ఖరీదైన రంగంలో, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంటూ ఆ స్థాయికి రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ జాబితా దేన్ని కొలుస్తుందో చెప్పే వాక్యం ఒక్కటీ ఆ వార్తలో ఉండదు. దాన్ని ‘స్టాన్‌ఫర్డ్ ర్యాంకు’ అనడం అలవాటైపోయింది. నిజానికి అది ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే ర్యాంకు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్‌లోని సైటేషన్లతో, అంటే ఒక పేపర్‌ను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయన్న అంకెలతో కట్టే లెక్క అది, దాన్ని జర్నల్స్ ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ప్రచురిస్తుంది. అందులో జాబితాలు రెండు: మొత్తం కెరీర్‌ది ఒకటి, ఒక్క ఏడాదిది మరొకటి. ఎవరి పేరు దేనిలో ఉందో, తన పేపర్లను తానే సైట్ చేసుకున్నవి తీసేస్తే స్థానం ఎంతో కూడా అందులోనే కనిపిస్తుంది. చూసే ఓపికే కరవు.

హెచ్-ఇండెక్స్ సంగతీ అంతే. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఈ కొలత 30 అంటే, కనీసం ముప్పైసార్లు సైట్ అయిన పేపర్లు ముప్పై ఉన్నాయని అర్థం. వాటిలో ఒకటి మూడు వేలసార్లు సైట్ అయి రంగాన్నే మలుపు తిప్పినా ఆ అంకె ముప్పై దగ్గరే ఉంటుంది.

జపాన్‌లో మియసాకా బృందం 2009లో పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో సోలార్ సెల్ చేసినప్పుడు, ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం 3.8 శాతం. లోపలి ద్రవంలో పదార్థం కరిగిపోయేది, సెల్ ఎక్కువసేపు నిలిచేది కాదు. మొదట్లో పట్టించుకున్నవారు తక్కువే. 2012లో ద్రవం లేకుండా ఘనరూపంలో సెల్ తయారయ్యాక ప్రపంచమంతా అటు మళ్లింది. ఇప్పుడు ల్యాబ్‌లలో ఆ సామర్థ్యం 26 శాతం దాటింది, పాత పేపర్‌కు సైటేషన్లు వేలల్లోకి చేరాయి. 2010లో ప్రమోషన్ కమిటీ ముందుకు ఆ పేపర్ వచ్చి ఉంటే ఎన్ని మార్కులు పడేవో!

దీనికి తలకిందుల కథ అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో జరిగింది. యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ పరిశోధకుడు ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ల (కార్బన్ పదార్థాలతో చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌ల) మీద ఒక దశలో సగటున ఎనిమిది రోజులకో పేపర్ ప్రచురించాడు, పేరుమోసిన జర్నల్స్‌లోనే. వేర్వేరు ప్రయోగాలంటూ చూపించిన గ్రాఫుల్లో ఒకే రకం నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు) ఉందని ఇతరులు పట్టుకున్నారు. 2002లో విచారణ కమిటీ మోసమని తేల్చింది. ‘ఇది తప్పు’ అని రాసిన పేపర్ కూడా లెక్కలో ఒక సైటేషనే కదా. విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే మన కేంద్ర వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్, జర్నల్స్ వెనక్కి తీసుకున్న పేపర్లకు మార్కులు కోయడం మొదలుపెట్టింది 2025లోనే.

మన ఊరి విషయానికొద్దాం. 1954లో మొదలైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ)లో భౌతికశాస్త్ర విభాగం దశాబ్దాలుగా థిన్ ఫిల్మ్‌ల (పదార్థాల అతి పలుచని పొరల) మీద పనిచేస్తోంది. రేణిగుంట వైపు, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలొచ్చాయి. బ్యాటరీల పరిశ్రమైతే ఎప్పటినుంచో ఉంది. వాక్యూమ్ పంపులో లీకేజీ ఎక్కడుందో పట్టుకోవడం, గ్రాఫులో నాయిస్ ఏదో సిగ్నల్ ఏదో వేరుచేయడం ఇక్కడి ల్యాబ్‌లలో నేర్చుకున్న స్కాలర్లు ఆ ఫ్యాక్టరీలకు అక్కరకొస్తారు. వారిని ఏ సైటేషన్ జాబితా లెక్కపెడుతుంది?

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. పరికరం మూలనపడితే రిపేరుకు డబ్బు లేక స్కాలర్ శాంపిళ్లు పట్టుకుని వేరే ఊరు పోవాలి, అక్కడ వంతు కోసం ఆగాలి. ఈలోగా పేపర్లెన్ని అని అడుగుతుంటే తొందరపాటు పేపర్లే వస్తాయి. పరికరాలు పంచుకోవడానికి కేంద్రం 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ తెచ్చింది. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐఐఎస్ఈఆర్ (కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ) ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. ఎస్వీయూ స్కాలర్‌కు ఆ రెండు చోట్లా వారానికి ఇన్ని గంటలని పరికరాల సమయం కేటాయిస్తూ మూడు సంస్థలూ ఒప్పందం రాసుకోవాలి. ఫీజు భారం స్కాలర్ ఫెలోషిప్ మీద పడకుండా ఉన్నత విద్యాశాఖ భరించాలి. ప్రమోషన్ దరఖాస్తులో మొత్తం సైటేషన్ల అంకెకు బదులు, అభ్యర్థి ఎంచుకున్న ఐదు పేపర్లను కమిటీ కూర్చుని చదివే పద్ధతి పెట్టడానికి విశ్వవిద్యాలయానికి పైసా ఖర్చు లేదు.