కడగడం కన్నా ఆరబెట్టడమే కష్టం: చిప్ తయారీలో చివరి నిమిషం

1965లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో వెర్నర్ కెర్న్ రూపొందించిన రెండు మిశ్రమాలతోనే ప్రపంచంలోని ఫ్యాబ్‌లు (చిప్ కర్మాగారాలు) ఇప్పటికీ సిలికాన్ వేఫర్లను, అంటే చిప్‌లు తయారయ్యే పలుచని సిలికాన్ బిళ్లలను, కడుగుతున్నాయి. డేవిడ్ పుటినెన్‌తో కలిసి ఆయన ఆ పద్ధతిని 1970లో ప్రచురించారు. తర్వాతి కాలంలో నిష్పత్తులు పలచబడ్డాయి, వేడి కొంత తగ్గింది. సరుకులు మాత్రం అవే: అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు. అసలు మందు మారకుండానే ఈ రంగంలో వేల పేటెంట్లు పుట్టాయి. వాటిలో నిజంగా పరిశ్రమ గతిని మార్చినవి ఏవని చూస్తే, చాలావరకు కడిగే రసాయనానికి సంబంధించినవి కావు. కడిగాక ఆ ద్రవం వేఫర్‌ను విడిచివెళ్లే చివరి నిమిషానికి సంబంధించినవి. గుజరాత్‌లోని ధోలేరాలో మన దేశపు తొలి భారీ ఫ్యాబ్ నిర్మాణం సాగుతున్న ఈ రోజుల్లో, ఆ చివరి నిమిషం మీద మన దగ్గర దాదాపు చర్చే లేదు.

ముందు మందు సంగతి. ఎస్‌సీ-1 అనే మొదటి మిశ్రమంలో అమ్మోనియా ద్రావణం ఒక వంతు, 30 శాతం పెరాక్సైడ్ ఒక వంతు, నీరు ఐదు వంతులు ఉంటాయి. వేడి 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్, సమయం 10 నిమిషాలు. పెరాక్సైడ్ సిలికాన్ పైపొరను ఆక్సైడ్‌గా మారుస్తుంది, అమ్మోనియా ఆ ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. రెండూ ఒకేసారి జరుగుతుండగా అంటుకున్న ధూళి కణం అడుగు కోసుకుపోయి ఊడివస్తుంది. క్షార ద్రావణంలో కణానికీ వేఫర్‌కూ రెండింటికీ రుణావేశం ఉంటుంది కాబట్టి ఊడిన కణం మళ్లీ అంటుకోదు. అయితే ఇనుము, అల్యూమినియం, జింకు వంటివి ఈ క్షారంలో హైడ్రాక్సైడ్లుగా ఉపరితలం మీదే మిగులుతాయి. అందుకే రెండో మిశ్రమం ఎస్‌సీ-2: హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1, పెరాక్సైడ్ 1, నీరు 6. రెండింటి మధ్య అవసరాన్ని బట్టి 50 లేదా 100 రెట్లు పలచన చేసిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కొద్ది సెకన్లు ముంచుతారు.

ఎస్‌సీ-1తో వచ్చే చిక్కంతా దాని ఆయుష్షుతోనే. 80 డిగ్రీల దగ్గర పెరాక్సైడ్ తనంతట తానే విచ్ఛిన్నమవుతుంది, ఇనుమో రాగో అతి స్వల్పంగా కలిసినా ఇంకా వేగంగా. అమ్మోనియా ఆవిరైపోతూనే ఉంటుంది. పెరాక్సైడ్ ముందు అయిపోతే మిగిలిన అమ్మోనియా సిలికాన్‌ను నేరుగా, స్ఫటిక దిశను బట్టి హెచ్చుతగ్గులుగా తినేస్తుంది. ఉపరితలం గరుకవుతుంది, దాని మీద పెంచిన గేట్ ఆక్సైడ్ (ట్రాన్సిస్టర్‌లోని పలుచని నిరోధక పొర) తర్వాత తక్కువ వోల్టేజీకే తెగిపోతుంది. అందుకే నీరు, అమ్మోనియా కలిపి వేడి చేసి, చివర పెరాక్సైడ్ పోసి, బుడగలు లేచాకే వేఫర్లు దించాలి. ఈ క్రమం తప్పకూడదు. 1970ల చివర ఆర్‌సీఏ నుంచే వచ్చిన మెగాసోనిక్ పద్ధతి సెకనుకు దాదాపు పది లక్షల కంపనాలతో కణాలను ఊడగొట్టి, మిశ్రమాన్ని ఎంతో పలచన చేసుకునే వీలు కల్పించింది.

అసలు పరీక్ష దీని తర్వాత మొదలవుతుంది. సిలికాన్ ఉపరితలంపై ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 680 లక్షల కోట్ల పరమాణువులు ఉంటాయి. కీలకమైన అంచెల్లో అనుమతించే లోహ కాలుష్యం సుమారు వెయ్యి కోట్ల పరమాణువులు. అంటే 68,000లో ఒకటి. ఆ స్థాయికి కడిగిన వేఫర్ మీద ఒక్క నీటిచుక్క నిలిచినా పని చెడుతుంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలోంచి తీసిన సిలికాన్‌కు పైన ఆక్సైడ్ ఉండదు, హైడ్రోజన్ పరమాణువుల తొడుగు ఉంటుంది. అది నీటిని అంటనివ్వదు. నీరు పొరగా పరుచుకోకుండా ముత్యాల్లా నిలుస్తుంది. ఆ చుక్కలోకి గాలిలోని ఆక్సిజన్ దిగుతుంది, సిలికాన్ ఆక్సీకరణం చెందుతుంది, ఆ ఆక్సైడ్‌లో కొంత సిలిసిక్ ఆమ్లంగా నీటిలో కరుగుతుంది. నీరు ఆవిరయ్యాక వలయంలా ఓ మచ్చ మిగులుతుంది. తర్వాతి ఎచింగ్‌లో, అంటే పొరలను తొలిచే దశలో, ఆ మచ్చ కింద ఉన్నది తెగదు. కాంటాక్టు (లోహం సిలికాన్‌ను తాకే చోటు) దగ్గరైతే విద్యుత్ నిరోధం పెరుగుతుంది. నీరు ఎంత స్వచ్ఛమైనా, 18.2 మెగోమ్-సెంటీమీటర్ల నిరోధకత ఉన్నా, ఈ మచ్చ పడుతుంది. ఎందుకంటే మలినం నీటితో రాలేదు, వేఫర్ నుంచే పుట్టింది.

తొలినాళ్లలో వేఫర్లను క్యాసెట్‌తో (వాటిని పేర్చే పెట్టెతో) సహా గిరగిరా తిప్పి ఆరబెట్టేవారు. విసిరికొట్టగా మిగిలిన పలుచని పొర అక్కడికక్కడే ఆవిరై, అందులో కరిగినదంతా వేఫర్ మీదే వదిలేది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ) ఆవిరి వాడారు. సుమారు 82 డిగ్రీల దగ్గర మరిగే ఐపీఏ ఆవిరిలోకి చల్లని వేఫర్‌ను దించితే ఆవిరి దాని మీద ద్రవంగా మారి నీటిని తోసేస్తుంది. శుభ్రత బాగుండేది కానీ మంటలంటుకునే ద్రవాన్ని తొట్టెలో మరిగించడం ప్రమాదం, ఖర్చూ ఎక్కువ. పైగా ఐపీఏలో నీటి శాతం పెరిగేకొద్దీ పని చెడేది.

1990లో ఫిలిప్స్ పరిశోధకులు ప్రచురించిన మరంగోని పద్ధతి ఇక్కడే మలుపు తిప్పింది. నా దృష్టిలో తడి ప్రక్రియల్లో ఇంత అందమైన ఆవిష్కరణ మరొకటి లేదు. వేఫర్‌ను నీటిలోంచి నెమ్మదిగా, సెకనుకు కొద్ది మిల్లీమీటర్ల వేగంతో పైకి లాగుతారు. నీరు వేఫర్‌ను తాకే అంచు దగ్గర నైట్రోజన్‌తో కలిపిన కొద్దిపాటి ఐపీఏ ఆవిరి ఊదుతారు. అంచున నీటి పొర పలచన కాబట్టి అక్కడ ఐపీఏ గాఢత ఎక్కువై, తలతన్యత (ద్రవపు పైపొర బిగువు) తగ్గుతుంది. కిందున్న నీటి తలతన్యత ఎక్కువ కాబట్టి పైపొరను అది తనవైపు లాగేసుకుంటుంది. నీరు ఆవిరి కాదు, ద్రవంగానే జారిపోతుంది, తనలో కరిగినదాన్ని తనతోనే తీసుకుపోతుంది. ఐపీఏ వాడకం ఆవిరి తొట్టెతో పోలిస్తే చాలా తక్కువ. ఆచరణలో దెబ్బతీసేవి చిన్నవే: లాగే వేగం పెంచితే పొర వెంట వస్తుంది, వేఫర్ అంచు హోల్డర్‌ను తాకే చోట చుక్క ఆగిపోతుంది, నీటి మట్టం కంపిస్తే గీతలు పడతాయి.

అదే కాలంలో వేఫర్లు కడిగే యంత్రాలు చేసే అమెరికా సంస్థ సీఎఫ్ఎం టెక్నాలజీస్ వేరే దారి పట్టింది. వేఫర్లను తొట్టె నుంచి తొట్టెకు మార్చకుండా, మూసిన పాత్రలో ఉంచి రసాయనాలనే ఒకదాని వెనుక ఒకటి నిండుగా పారించడం ఆ పద్ధతి. ప్రతిసారీ గాలిలోకి తీస్తేనే కదా, ద్రవపు పైపొర మీది కణాలు వేఫర్‌కు అంటుకునేది. ఆ పేటెంట్లపై పోటీదారు యీల్డప్ సంస్థతో నడిచిన దావాలో ఓ మౌలికమైన ప్రశ్న తలెత్తింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పెట్టిన యంత్రం ఆ కొనుగోలుదారు కోరిన శుభ్రతను చేరడానికి ఆవిష్కర్తలకు నెలలు పట్టింది. అలాంటప్పుడు పేటెంటులో రాసినది చదివి ఇంకొకరు చేయగలరని ఎలా అంటాం? డెలావేర్ జిల్లా కోర్టు ఈ కారణంతోనే పేటెంట్లు చెల్లవంది. 2003లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది: మార్కెట్లో గెలిచే స్థాయిని చేరాలని పేటెంటు చట్టం అడగదు, చెప్పుకున్నది పనిచేస్తే చాలు. చట్టపరంగా అది సరైన తీర్పే. ఫ్యాబ్ కట్టేవారు మాత్రం దాన్ని తిరగేసి చదవాలి. లైసెన్సుతో వచ్చేది సూత్రం మాత్రమే. నెలల సర్దుబాటు లైసెన్సులో భాగం కాదు.

తర్వాత పరిశ్రమ ఒక్కో వేఫర్‌ను విడిగా తిప్పుతూ కడిగే యంత్రాల వైపు మళ్లింది. ఆస్ట్రియాలోని విల్లాఖ్‌కు చెందిన ఎస్ఈజడ్ ఈ దారిలో ముందు నడిచింది; 2008లో లామ్ రీసెర్చ్ దాన్ని కొనేసింది. తొట్టెలో ఒక వేఫర్ వెనుకభాగపు మురికి పక్కదాని ముఖం మీద పడే బెడద ఇందులో లేదు. కానీ తిప్పడంలో ఓ లోపం ఉంది. 300 మిల్లీమీటర్ల వేఫర్‌ను నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పితే అంచు వేగం సెకనుకు సుమారు 16 మీటర్లు, కేంద్రం దగ్గర సున్నా. నడిమధ్య చుక్కను విసిరే బలమే లేదు. అందుకే ఐపీఏ, నైట్రోజన్ నాజిళ్లు కేంద్రం దగ్గర మొదలై అంచు వైపు నిదానంగా జరుగుతాయి. మరంగోని సూత్రమే ఇక్కడ గుండ్రంగా పనిచేస్తుంది.

చిప్ మీది నిర్మాణాలు సన్నబడ్డాక మచ్చల కన్నా పెద్ద సమస్య వచ్చింది. రెండు సన్నని గోడల మధ్య 20 నానోమీటర్ల సందులో నీరు ఉంటే, పూర్తిగా తడిసే ఉపరితలాల మధ్య అది గోడలను లోపలికి లాగే పీడనం తలతన్యతకు రెండింతలను సందు వెడల్పుతో భాగించినంత. నీటికి మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, లెక్కిస్తే 7.2 మెగాపాస్కల్స్, అంటే 70 అట్మాస్ఫియర్ల పైమాటే. ఐపీఏతో అది మూడో వంతుకు దిగుతుంది. గోడకు ఇరువైపులా సందులు ఒకేసారి ఎండితే లాగుడు సరితూగి ఏమీ కాదు. అలా ఎండవు. ఒక సందు ముందు ఖాళీ అవగానే గోడ రెండోవైపు వంగుతుంది. వంపు గోడ ఎత్తు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మందం మూడో ఘాతంతో తగ్గుతుంది. డీరామ్ అనే మెమరీ చిప్‌లలోని పొడవైన కెపాసిటర్లు పడిపోవడానికి కారణం ఇదే. ఒకసారి పక్కదాన్ని తాకితే ఉపరితల బంధాలు పట్టేసుకుంటాయి, ఆరాక కూడా విడివడవు.

దీనికి మూడు దారులు వచ్చాయి. మొదటిది, గోడలకు సిలేన్ రకపు పూత వేసి స్పర్శకోణాన్ని (ద్రవపు అంచు గోడతో చేసే కోణాన్ని) 90 డిగ్రీలకు దగ్గర చేయడం. లాగుడు దాదాపు మాయమవుతుంది కానీ ఆ పూతను మళ్లీ ప్లాస్మాతో తీసేయాలి, అప్పుడు సిలికాన్ కొంత ఆక్సీకరణం చెందుతుంది. రెండోది, సందుల్లో ఉత్పతనం చెందే పదార్థం నింపి, గడ్డకట్టించి, ఘనం నుంచి నేరుగా ఆవిరి చేయడం. ఈ పేటెంట్లలో కర్పూరం పేరు కూడా కనిపిస్తుంది. స్ఫటికాలు పెరిగేటప్పుడు పుట్టే ఒత్తిడి ఇక్కడ ఇబ్బంది. మూడోది సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్. ఐపీఏ నిండిన వేఫర్‌ను పీడన పాత్రలో పెట్టి, 31.1 డిగ్రీలు, 7.38 మెగాపాస్కల్స్ దాటిస్తే ద్రవానికీ వాయువుకూ హద్దు ఉండదు, తలతన్యతా ఉండదు. (20 నానోమీటర్ల సందులో నీటి లాగుడూ ఈ పీడనమూ దాదాపు సమానం కావడం యాదృచ్ఛికమే.) వేఫర్‌ను పాత్రలోకి తెచ్చే దారిలో అంచున ఐపీఏ ఎండితే అక్కడే గోడలు కూలతాయి, పీడనం హడావిడిగా తగ్గిస్తే వాయువు చల్లబడి మళ్లీ చుక్కలవుతుంది.

తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీ సాంకేతికతతో టాటా ఎలక్ట్రానిక్స్ ధోలేరాలో తలపెట్టింది 28 నుంచి 110 నానోమీటర్ల తరగతి చిప్‌లు, నెలకు 50,000 వేఫర్లు. ఈ తరగతికి సూపర్‌క్రిటికల్ యంత్రాల అవసరం లేదు. మంచి ఐపీఏ, మంచి నైట్రోజన్, వాటిని నడిపే తెలివి చాలు. అయితే ఆ మంచి ఐపీఏ దగ్గరే మన లెక్క తప్పే ప్రమాదం ఉంది. హైదరాబాద్, విశాఖ ఫార్మా పరిశ్రమకు ఐపీఏ రోజూ వాడే ద్రావణి. అక్కడ స్వచ్ఛతను శాతాల్లో కొలుస్తారు. ఇక్కడ ఆ కొలత పనికిరాదు.

లెక్క వేసి చూద్దాం. వేఫర్ మీద ఒక మైక్రాన్ మందం ఐపీఏ పొర ఆరిందనుకుందాం. అందులో ఇనుము 10 పీపీబీ, అంటే వంద కోట్ల వంతుల్లో పది వంతులు ఉంటే, చదరపు సెంటీమీటరుకు మిగిలే ఇనుము పరమాణువులు దాదాపు 850 కోట్లు. వెయ్యి కోట్ల హద్దు ఒక్క ఆరబెట్టడంతోనే దాదాపు నిండిపోయింది. ఇనుము పదిలక్షల వంతుల్లో ఒక వంతు ఉంటే ఆ హద్దుకు దాదాపు 85 రెట్లకు చేరిపోతాం. ఉక్కు డ్రమ్ములో నిల్వ ఉంచితే ఆ ఇనుము డ్రమ్ము నుంచే వస్తుంది. తెరిచిన ప్రతిసారీ గాలిలోని తేమను ఐపీఏ పీల్చుకుంటుంది. కాబట్టి స్వేదనంతో పాటు ఫ్లోరోపాలిమర్ లోపొర ఉన్న పాత్రలు, నైట్రోజన్ కింద నింపడం, వాడే చోటే ఫిల్టర్, ప్రతి బ్యాచ్‌కూ ఒక్కో లోహాన్ని విడిగా ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిచే శుద్ధ గది కావాలి. ద్రావణుల స్వేదనంలో అనుభవం ఉన్న తెలుగు రాష్ట్రాల కంపెనీలకు ఇందులో మొదటిది చేతిలోనే ఉంది. పెట్టుబడి పెట్టాల్సింది మిగిలిన నాలుగింటిలో, అందులోనూ ముందుగా కొలిచే గదిలో.