కంప్యూటర్‌కు అక్షింతలు

కంప్యూటర్‌లోంచి వింత శబ్దం వచ్చిందంటే హైదరాబాద్‌లో వైద్యులకు కొదవుండదు. నల్లకుంటలో మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్‌లోనైతే ఫ్లోర్‌కొకరున్నారు. మూత తీసి లోపలికి తొంగిచూసే అలవాటు మాత్రం వాళ్లలో ఎవరికీ లేదు. గుమ్మంలో నిలబడే రోగం పేరు చెప్పేసి, టీ తాగి వెళ్తారు.

ఈసారి రోగి మా మేనల్లుడు చింటూగాడి గేమింగ్ పీసీ. బీటెక్‌లో చేరాడు కనక కోడింగ్ కోసమని కొన్నది. కోడింగ్‌కి, గేముల బొమ్మలు గీసే అంత గ్రాఫిక్స్ కార్డు దేనికిరా అని బావ అడిగితే “ఏఐకి నాన్నా” అన్నాడు. ఏఐ అన్నాక ఏ తండ్రి మాత్రం నోరెత్తుతాడు? డబ్బు కట్టేశాడు.

ఆ కార్డును మామూలుగా అడ్డంగా కాకుండా నిలువుగా బిగించుకున్నాడు వాడు. పక్క అద్దంలోంచి దాని ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు కనబడాలట. అద్దానికి మరీ దగ్గరైతే కార్డుకి గాలాడక వేడెక్కుతుందని చెప్పాను. “లుక్ మామయ్యా, లుక్” అన్నాడు. అంతటితో ఆగలేదు. ఎవడో వీడియోలో గాలి బాగా ఆడాలంటే అడ్డేమీ ఉండకూడదన్నాడని, క్యాబినెట్ నెత్తి మీద అయస్కాంతంతో అతుక్కునే దుమ్ము జాలీ కూడా పీకేశాడు. అది మా అక్క వంటింట్లో ఎండబెట్టిన కరివేపాకు మీద మూతగా స్థిరపడింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజంటే మా అక్క ఏ యంత్రాన్నీ వదలదు. స్కూటర్, మిక్సీ, కుట్టుమిషన్, వాటర్ ప్యూరిఫయర్ అన్నీ వరసగా బొట్లు పెట్టించుకున్నాయి. అన్నిట్లోకీ ఖరీదైంది పీసీ కాబట్టి దానికి పూజ కూడా ఖరీదుకు తగ్గట్టే జరిగింది. నెత్తి మీద బంతిపూలు, గుప్పెడు కుంకుమ, నెయ్యీ పసుపూ కలిపిన అక్షింతలు దోసిలి నిండా. కింద కన్నాలున్నాయన్న ధ్యాస ఎవరికుంటుంది?

మర్నాటి నుంచి మొదలైంది. టకటకటకటక. గేమ్ పెడితేనే. కోడింగ్ చేసుకుంటుంటే చడీచప్పుడూ లేదు. గేమ్ తెరిచిన రెండు మూడు నిమిషాలకి మళ్లీ టకటకటక. బావ ఆనందం చూడాలి! “చూశావా, దానిక్కూడా నచ్చట్లేదు వీడు ఆడటం. అమ్మవారి మహిమ” అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

మహిమ సంగతెలా ఉన్నా, గేమ్‌లోనే శబ్దం రావడానికి కారణముంది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి చిప్ వేడి యాభై, అరవై డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్లు అసలు తిరగవు. పని పడితేనే లేస్తాయి. అంటే చప్పుడు కార్డు ఫ్యాన్‌లోనే ఉందని సగం తేలిపోయినట్టే. ఈ మాట నేను చెప్పాను. వినేవాడెవడు?

బావ హార్డ్‌డిస్క్ పోయిందన్నాడు. ఆ పీసీలో హార్డ్‌డిస్కే లేదు, ఉన్నది చిప్పుల్లోనే డేటా దాచుకునే ఎస్ఎస్‌డీ. తిరిగే భాగం ఒక్కటీ లేనిది టకటకలాడమన్నా ఆడలేదు. మూడో ఫ్లోర్ రిటైర్డ్ ఇంజినీర్ గారు, “ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి” అన్నారు. ఆయనకు అన్ని జబ్బులకీ అదొక్కటే మందు. నిజానికి అది వట్టి చిట్కా వైద్యమేం కాదు. స్క్రీన్ మీద బొమ్మ రాక బీప్ బీప్‌మంటున్న పాత పీసీలు కొన్ని దాంతోనే లేచి కూర్చుంటాయి. ఫ్యాన్ చప్పుడుకి మాత్రం కాలు విరిగినవాడికి కళ్లజోడు ఇచ్చినట్టే. గ్రౌండ్ ఫ్లోర్ కుర్రాడు ఫార్మాట్ కొట్టమన్నాడు. సందు చివర షాపతను ఫోన్‌లోనే ఎస్ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకి కరెంటిచ్చే డబ్బా, మార్చాలని, మదర్‌బోర్డు కూడా “డౌటే” అని, ఎందుకైనా మంచిది పదిహేను వేలు పెట్టుకోమని చెప్పాడు. ఫోన్‌లో టకటక విని మదర్‌బోర్డు నాడి పట్టినవాణ్ని నేనెక్కడా చూడలేదు.

అద్దం తీసి టార్చి వేద్దామంటే చింటూ అడ్డం పడ్డాడు, వారంటీ పోతుందని. అసెంబుల్ చేయించిన పీసీలో ఏ పార్టు వారంటీ ఆ పార్టుదేరా, పక్క అద్దం విప్పితే పోయేది దుమ్మేనని నచ్చజెప్పేసరికి నా టీ చల్లారిపోయింది.

ఈలోగా బావకి ఓపిక నశించింది. బ్యాంకుకి బయల్దేరబోతూ, తెల్ల చొక్కా మీదే, అక్క జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చాడు. స్విచ్ తీశావా, ప్లగ్ పీకావా అని నేనడుగుతుంటే వాటి వరకూ ఒప్పుకున్నాడు. వేడిగాలి వద్దు బావా, బ్లోయర్ అయితే మేలు, ఏదైనా సరే ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకుని ఊదాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుందన్నాను. “నువ్వుండవయ్యా” అని ఫుల్లులో పెట్టాడు.

పండగ నాటి కుంకుమంతా ఆ క్యాబినెట్ అడుగున చెక్కుచెదరకుండా ఉందని అప్పుడు తెలిసింది. ఒక్క ఊదుకి లేచింది. దాని వెనకాలే బంతిపూల రేకలు. గదిలో ఎర్రటి మబ్బు. అది తేలేసరికి బావ నొసలు, మీసాలు, చొక్కా అన్నీ మంగళకరంగా ఉన్నాయి. బ్యాంకులో మేనేజర్, “యాదగిరిగుట్ట వెళ్లొచ్చారా? ప్రసాదమేదీ?” అని అడిగాడట.

ఇంత జరిగినా టకటక పోలేదు. ఇక సికింద్రాబాద్ సీటీసీకే తీసుకెళ్లాలని తీర్మానమైంది. పార్క్‌లేన్‌లోని ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరకని పార్టు లేదంటారు, నేను పందెం కట్టను గానీ. పీసీని బొంతలో చుట్టి ఆటో ఎక్కించాం. గతుకులకి లోపల కార్డు అదరకూడదని, దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాం. పూజ చేసిన వస్తువు మీద కాలు పెట్టొద్దని అక్క గుమ్మంలోంచి అరిచింది. ఆటో అతను “లోపల ఎవలన్నా పండుకున్నరా సార్, గంత పైలంగ పట్టుకున్నరు?” అన్నాడు.

కౌంటర్‌లో కుర్రాడు మేం చెప్పింది సగమే విన్నాడు.

“గేమ్ పెడితేనే వస్తుందా?”

“అవును.”

“దసరాకి పూజ చేసిన్రా అన్నా?”

బావ, నేను మొహమొహాలు చూసుకున్నాం. కుర్రాడు అద్దం విప్పి, ఫోన్ లైటు వేసి, కార్డు ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు అడుగుకి సన్నటి పట్టకారు పోనిచ్చాడు. నేతి జిడ్డుతో అక్కడే అంటుకుపోయి, తిరిగే ప్రతి రెక్క చేతా తన్నులు తిన్న పసుపు రంగు అక్షింత ఒకటి బయటికొచ్చింది. కౌంటర్ మీద పెట్టి, “ఈ సీజన్ల ఇవే వస్తయి. పైన జాలీ పెట్టుకోండ్రి” అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

చింటూ అక్కడే ప్లగ్ పెట్టించి గేమ్ లాంటిదేదో నడిపించాడు. ఫ్యాన్లు లేచాయి. చిన్న చప్పుడు లేదు. వాడి మొహం వెలిగిపోయింది. తిరిగి బొంత చుడుతుంటే బావ వెనకే ఉండిపోయాడు. కౌంటర్ మీదికి వంగి, ఆ అక్షింతని జేబురుమాలులో మడుచుకుంటూ, మెల్లిగా అడుగుతున్నాడు.

“బాబూ, పరీక్షలప్పుడు ఇది మళ్లీ అక్కడే పెట్టడం కుదురుతుందా?”