అందరూ తెలుగు పిల్లలేనా?

ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది: "మన బడుల్లో ఉన్నది తెలుగు పిల్లలే, అందరూ ఒకటే. వాళ్లకు చెప్పడానికి అమెరికా వెళ్లి సంస్కృతుల తేడాలు నేర్చుకోవాలా? ప్రజాధనంతో ఆరు వారాలు ఫోటోలు దిగి రావడమే." అలా ఫుల్‌బ్రైట్ అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమంలో ఆరు వారాలు అమెరికా వెళ్లివచ్చిన నెల్లూరు జిల్లా లెక్కల మాస్టారిని నేను.

ముందు ఆ "తెలుగు పిల్లలే" సంగతి చూద్దాం. మా తీరంలో చేపలు పట్టే పట్టపువాళ్ల ఇళ్లలో తమిళం, తెలుగు కలగలిసిన మాట. ప్రకాశం పడమటి తండాల్లో లంబాడీ. నల్లమలలో చెంచు గూడేలు. ఉర్దూ ఇళ్లు సరేసరి. యానాదులది తెలుగే, కానీ తండ్రి రొయ్యల గుంటకు కాపలా కుదిరితే కుటుంబమంతా గట్టు మీది గుడిసెకు మారుతుంది. అలాంటి పిల్లవాడి పేరు ఎదుట ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో గైర్హాజరు వేశాను. ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు.

ఖర్చు మాట ఒక్క ముక్కలో తేలిపోతుంది. నేను వెళ్లిన ఫుల్‌బ్రైట్ కార్యక్రమానికి డబ్బు పెట్టింది అమెరికా ప్రభుత్వం.

"ఫోటోలు దిగి రావడమే" అన్నదాంట్లో సగం నిజముంది. ఊరికే కలిసి ఉంటే దురభిప్రాయాలు పోవని, సమాన హోదా, కలిసి చేసే పని, పైవాళ్ల మద్దతు కావాలని అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు. అక్కడా మనవాళ్లతోనే పప్పన్నం వండుకు తిని వస్తే వచ్చేది ఫోటోలే. నాకు పాఠం దొరికింది అక్కడి బడి భోజనశాలలో. వడ్డించే ఆమె ఏదో అడిగింది. అర్థం కాలేదు. మళ్లీ చెప్పమనడానికి సిగ్గేసి "ఎస్" అన్నాను. ఇంకేదో అడిగింది, మళ్లీ "ఎస్". పళ్లెంలో పడినదాంట్లో సగం వదిలేశాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ని! వెనక బెంచీ నుంచి వినిపించే "అర్థమైంది సార్" అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

ఇక "అందరూ ఒకటే". వినసొంపుగానే ఉంటుంది. పరాయి సంస్కృతిని మనిషి చూసే తీరును అమెరికా పరిశోధకుడు మిల్టన్ బెన్నెట్ 1986లో ఆరు మెట్లుగా విడదీశాడు. తేడాలే లేవనడం మొదటి మెట్టు, లోలోపల అందరూ మనలాంటివాళ్లే అనడం మూడోది. ఇంకా మూడు ఎక్కాలి.

తిరిగొచ్చాక, రెండు నెలలకు బడికొచ్చిన ఆ గట్టు పిల్లవాణ్ని గుంట దగ్గర ఏం చేశావని అడిగాను. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించే చెక్ ట్రేలో ఎంత మిగిలితే మరుసటి పూట ఎంత తగ్గించాలో చెప్పాడు. ఆ రోజు శాతాల పాఠానికి లెక్కలు వాడే చెబుతుంటే బోర్డు మీద నేను రాశాను.