గామా గ్లోబిన్ జన్యువు నశించదు, అణగి ఉంటుంది

బిడ్డ పుట్టగానే గర్భస్థ దశ హీమోగ్లోబిన్ జన్యువు (గామా) నశిస్తుందనీ, దాని స్థానంలో పెద్దల జన్యువు (బీటా) పని మొదలుపెడుతుందనీ, బీటా జన్యువులోని మార్పు వల్ల వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్‌కు వచ్చిన క్రిస్పర్ (డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స చెడిన జన్యువును సరిచేస్తుందనీ ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. అందులోని మూడు మాటలూ నిలవవు.

మొదటిది, జన్యువు నశించడం. మానవుల 11వ క్రోమోజోమ్‌పై ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా జన్యువులు వరుసగా ఉంటాయి. పెద్దవారిలోనూ అవన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. ఎర్ర రక్తకణంగా మారుతున్న కణంలో, దాని కేంద్రకం బయటికి పోకముందే, బీసీఎల్11ఏ అనే ప్రోటీన్ గామా జన్యువు ఆరంభానికి సుమారు 115 డీఎన్ఏ అక్షరాల ముందున్న చోట అతుక్కుని దానిని అణచివేస్తుంది. అప్పుడు ఎప్సిలాన్‌కు ముందు దూరంగా ఉన్న ఉమ్మడి నియంత్రక ప్రాంతం, డీఎన్ఏ మెలిక తిరగడం వల్ల, బీటా జన్యువు చెంతకు చేరి దానిని ఉత్తేజపరుస్తుంది. బీసీఎల్11ఏ అతుక్కునే ఆ చోట ఒకే అక్షరం మారినా కొందరిలో గర్భస్థ హీమోగ్లోబిన్ జీవితాంతం గణనీయంగా తయారవుతూనే ఉంటుంది, వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. హైడ్రాక్సీయూరియా మందు కూడా చాలామంది రోగుల్లో గర్భస్థ హీమోగ్లోబిన్ స్థాయిని పెంచుతుంది. నశించిన జన్యువు మాత్ర వేసుకుంటే లేచి రాదు కదా!

రెండవది, ప్రసవ ఘడియ. బీటా గ్లోబిన్ గర్భంలో తొలి నెలల్లోనే కొద్దిగా మొదలవుతుంది. పుట్టేనాటికి కూడా సగానికి మించి గర్భస్థ హీమోగ్లోబినే ఉంటుంది, అది నెలల తరబడి తగ్గుతూ చాలామంది పెద్దల్లో 1 శాతం లోపుకు చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులో ఈ మార్పు ముందుకు జరగదు, ఎందుకంటే దాని లెక్క ప్రసవం నుంచి కాక గర్భం నిలిచిన నాటి నుంచి నడుస్తుంది. సికిల్ సెల్ లక్షణాలు పుట్టగానే కాక కొన్ని నెలలకు బయటపడటం ఇందువల్లే.

మూడవది, చికిత్స. 2023 నవంబరులో బ్రిటన్ ఆమోదించిన ఆ క్రిస్పర్ చికిత్స, కాస్గెవీ, బీటా జన్యువును ముట్టుకోదు. రోగి సొంత రక్త మూలకణాల్లో, బీసీఎల్11ఏ జన్యువును ఎర్ర రక్తకణాలుగా మారే కణాల్లో ఉత్తేజపరిచే డీఎన్ఏ భాగాన్ని, గాటా1 ప్రోటీన్ అతుక్కునే చోట, కత్తిరిస్తుంది. జన్యువునే పూర్తిగా పాడుచేయకపోవడానికి కారణం ఉంది: బి లింఫోసైట్లు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) ఏర్పడటానికి అదే ప్రోటీన్ అవసరం. అలా అణచివేత సడలి గామా మళ్లీ పనిచేస్తుంది, బీటా జన్యువులోని సికిల్ మార్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బీజకణాల జోలికి ఈ చికిత్స పోదు కనుక, ఆ మార్పు పిల్లలకు సంక్రమించే అవకాశం మునుపటిలాగే ఉంటుంది.